ప్రార్థన వేళ తెర మీద

"అసైన్‌మెంట్ చిన్నదే. ఒక ఆడమనిషి పరువు, ఒక దేశ రహస్యం. మనం కాపాడాల్సింది రెండోది," అన్నాడు చీఫ్ వెంకట్రాజం.

హన్మకొండలో ఒక ఫోటో స్టూడియో వెనక గది అది. పైకి పాస్‌పోర్ట్ ఫోటోలు, లోపల ఇంటెలిజెన్స్ యూనిట్. ఏజెంట్ సుదర్శన్ ఎదురుగా ఉపగ్రహాల ఇంజినీర్ రెబెకా కూర్చుని ఉంది. ఆమెకు మాత్రమే తెలిసిన మాస్టర్ కోడ్ కోసం ఒక విదేశీ ముఠా ఆమె ముఖాన్ని ఏఐతో ఎవరిదో నగ్న దేహానికి అతికించి వీడియో చేసింది. కోడ్ ఇవ్వకపోతే ఆదివారం ఆరాధనలో, పాటలు వేసే తెర మీద, తల్లి రత్నమ్మ ముందే ఆడిస్తామంది. శాంపిల్‌గా ఒక ముక్క అప్పటికే ఏదో సైట్‌లో పడేసింది.

"నేను ఫిర్యాదు ఇస్త సార్. చట్టముంది. సైటోళ్లు ఒక్కరోజుల తీసెయ్యాలె," అంది రెబెకా.

"తీస్తే ముఠా అలర్టయితది. ఆదివారం దాకా జర ఓపిక పట్టమ్మా. అది నువ్వు కాదని మాకు ఎరుకే."

"ఎరుకయ్యే నాలుగుసార్లు చూసిండ్రా?"

సుదర్శన్ తల వంచుకున్నాడు. నాలుగోసారి చూసింది అతనే. అనాలిసిస్ అన్నారు దానికి. సిగ్గుమాలిన పనికి ఇంగ్లిషు పేరు పెడితే డ్యూటీ అయిపోతుంది మరి.

ఆదివారం అతను 'కిరణ్' పేరుతో, సౌండ్ ఆపరేటర్ వేషంలో చర్చిలో దిగాడు. చొక్కా బొత్తాంలో కెమెరా, చెవిలో ఇయర్‌పీస్. రెబెకా పక్కన పట్టుచీరలో ప్రేమలత కూర్చుంది. ముఠాలోకి యూనిట్ పంపిన మనిషి, చూపు తిప్పుకోలేనంత అందగత్తె. ఈ ఊరి చర్చిలోనే పుట్టి పెరిగానని చెప్పుకుంది. ముఠావాడు కనబడితే 'ఉక్కపోత' అనాలని సంకేతం.

"ఉక్కపోత," అని చెవిలో ఆమె గొంతు గుసగుసలాడింది. "గేటు కాడ నల్లచొక్కా."

సుదర్శన్ గేటు వైపు పరుగెత్తాడు. అక్కడ ఎవరూ లేరు. లోపల పాస్టర్ ప్రార్థనకు పిలిచాడు. వెనక్కి తిరిగి చూస్తే జనం కళ్లు మూసుకున్నారు, ఆడవాళ్లంతా కొంగులు తలమీదికి లాక్కున్నారు. ఒక్క తల మాత్రం బోసిగా ఉంది. అలవాటున్న చెయ్యి ఆలోచించకుండానే కొంగు అందుకుంటుంది. ప్రేమలత చేతులు రెండూ బైబిలు కింద, ఫోన్ మీద ఉన్నాయి.

తెర మీద రెబెకా ముఖం వెలిగింది. కెమెరా మెడ దిగుతోంది. సుదర్శన్ లోపలికి ఉరికి, కుర్చీల మీదుగా దూకి తెర కేబుల్ పీకేశాడు.

"ఆమెన్," అంటూ జనం కళ్లు తెరిచారు.

"కరెంటు పోయిందా బిడ్డా?" అంది రత్నమ్మ. రెబెకా చూపు ఇంకా ఆరిపోయిన తెర మీదే ఉంది. ప్రార్థనలో ఆమె కళ్లు మూయలేకపోయింది.

బయట బేడీలు పడుతుంటే, ఎప్పుడో ముఠా వైపు తిరిగిపోయిన ప్రేమలత నవ్వింది. "ఆ వీడియో నేను తయారుచేసిన, మీరు కూసొని చూసిండ్రు. ఏం తేడా కిరణ్?"

ఇయర్‌పీస్‌లో చీఫ్ పలికాడు. "శెభాష్. కోడ్ సేఫ్. వీడియో మన సర్వర్ల ఉండనియ్. రేపు ఈ పిల్ల ఎదురు తిరిగితే పనికొస్తది."

సుదర్శన్‌కు తన మీద తనకే అసహ్యం వేసింది. "సరిగ్గ వినబడలే సార్, మళ్లా చెప్పండి," అని ఇయర్‌పీస్ తీసి పక్కనున్న రెబెకా చెవికి ఆనించాడు. చీఫ్ అదే మాట మళ్లీ, ఇంకాస్త గట్టిగా చెప్పాడు.

ఆమె నేరుగా పోలీస్ స్టేషన్‌కు నడిచింది. సుదర్శన్ వెంట వెళ్లాడు.

"నీ అసలు పేరు చెప్పు. కిరణ్ అని రాపిస్తే ఎవరొస్తరు?" అంది రైటర్ బల్ల ముందు.

అతను చెప్పాడు. ఎన్ని దేశాల గూఢచారులు వెతికినా దొరకని ఆ పేరును స్టేషన్ రైటర్ తండ్రి పేరుతో సహా తాపీగా రాసుకున్నాడు, ప్రేమలత, చీఫ్ తర్వాత మూడో నిందితుడిగా.