మూల గడిలో చూపు

కమలాపురంలో విశ్వాసమ్మ ఇంట సాయంత్రం ప్రార్థన తప్పదు. కొడుకు వసంతకుమార్ కువైట్‌లో డ్రైవరుగా చేరినప్పటి నుంచి అది వీడియో కాల్‌లోనే జరుగుతోంది. కోడలు జీవిత చాప పరిచి, బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, అత్త పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ కొంగు తలమీదికి లాక్కుంటారు.

జీవితకు ప్రార్థన కంటే మొగుడి చూపు మీదే ధ్యాస. ఎంత మాట్లాడినా అతని కళ్ళు కొంచెం కిందికే ఉంటాయి. పక్కన ఎవతో ఉందని ఆమె అనుమానం. ఒకరోజు అడిగేసింది కూడా. అతను నవ్వాడు. తెరమీద నీ ముఖం చూస్తే నా చూపు వాలినట్టుంటుంది, పైనున్న కెమెరా చుక్కను చూస్తే నాకు నువ్వు కనబడవు, కావాలంటే మూల చిన్న గడిలో నీ బొమ్మను చూసుకో, అదీ నీ కళ్ళలోకి చూడదు అన్నాడు. చూసుకుంది. నిజమే, చూడలేదు. అయినా అనుమానం పెనుభూతమని ఊరికే అన్నారా? అంత వివరంగా చెప్పాల్సిన అవసరమేమొచ్చిందని ఇంకా గుచ్చుకుంది.

ఆ రోజు ఒక నిర్ణయానికొచ్చింది. అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు తను తెరిచి చూస్తుంది. అతను పక్కకు చూస్తూ దొరికాడా, పొద్దున్నే బస్సెక్కి నందికొట్కూరులో పుట్టింటికి పోతుంది. మళ్ళీ రాదు.

విశ్వాసమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. బయట చీకటి పడుతోంది. గోడల్లోంచి పగటి వేడి ఇంకా వస్తోంది, ఆరబోసిన పసుపు వాసన గొంతులో పడుతోంది. ఫ్యాను కిర్రుమంటోంది. జీవిత మెల్లగా కళ్ళు తెరిచింది.

వసంతకుమార్ తల వంచి, కళ్ళు గట్టిగా మూసుకుని ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఆమెకు సిగ్గేసింది. ప్రాణం కుదుటపడింది కూడా.

అప్పుడు మూల గడి కంటబడింది.

అందులో అత్త కళ్ళు మూసుకునే ఉంది. పక్కన జీవిత... సూటిగా జీవిత కళ్ళలోకే చూస్తోంది.

జీవిత తల వంచింది. మళ్ళీ చూసింది. గడిలోది తల వంచలేదు. రెప్ప వేయలేదు... జీవిత చాప మీంచి వెనక్కి జరిగింది. ఇంకా వెనక్కి... వాకిలి దాకా. గడిలో ఇంకా ఇద్దరూ అలాగే ఉన్నారు.

"ఆమెన్" అంది అత్త.

వసంతకుమార్ కళ్ళు తెరిచాడు. ముఖం విప్పారింది.

"ఇన్నాళ్ళకు నేర్చుకుంటివి జీవితా. నేరుగా నా కండ్లల్లోకే సూస్తాండావు."

"నేను ఈడుండా..." అంది జీవిత వాకిట్లోంచి.

అతను చెవి రిక్కించాడు. "మా, వాకిలి కాడ ఎవురో మాట్లాడతాండారు. ఎవురు?"

విశ్వాసమ్మ శుక్లాలు కమ్మిన కళ్ళతో వాకిలి వైపు, సరిగ్గా జీవిత నిలబడ్డ చోటికే, చాలాసేపు చూసింది.

"ఎవురూ లేరు నాయనా. నేనూ నీ పెండ్లామే గదా ఈడ ఉండేది" అంటూ పక్కకు చేయి చాచింది.

ఖాళీ చాప మీద, కూర్చున్న మనిషి మోకాలెత్తున, ఆ చేయి దేనిమీదో ఆనుకుని ఆగింది.