అడిగినదానికన్నా ఎక్కువ

ఆదివారం మధ్యాహ్నం. ఆఫీసులో ఏసీ చప్పుడు తప్ప అలికిడి లేదు. కీబోర్డుని కంప్యూటర్‌తో కలిపే డ్రైవర్ అనే ప్రోగ్రాం రాసిన పెద్దమనిషి, తను పెట్టిన కంత తనే పూడ్చుకోడానికి వచ్చి కూర్చున్నాడు. పక్కన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే టెస్టర్ ఒక్కతే ఉంది.

కంత చిన్నదే. ఏ ప్రోగ్రామైనా తన వాటాకి మించి మెమరీ చదవబోతే డ్రైవర్ కాదనాలి. ఇది మాత్రం అడిగినంతా ఇచ్చేసేది, ఇంకొకరు టైపు చేసుకున్న మాటలతో సహా. ఎనిమిది నెలల క్రితమే టెస్టర్ ఈ సంగతి రాసి పంపింది. "చూశాను, పర్లేదు" అని జవాబిచ్చాడు మహానుభావుడు. చూడనేలేదు. భోజనానికి ఆలస్యమవుతోందని.

మొగుడి దెబ్బలు తాళలేక పారిపోయిన ఒకామె, తను దాక్కున్న ఇంటి అడ్రస్ కంప్యూటర్లో టైపు చేసింది. మొగుడు ఈ కంతలోంచే దాన్ని లాగాడు. ఆమె గొంతు పిసికి చంపి, తనూ చచ్చాడు. విచారణ రిపోర్టు చదివిన దగ్గర్నుంచి ఇతనికి ముద్ద దిగడం లేదు.

"ముందు పాత డ్రైవర్‌తోనే, వాటాకి మించి అడిగే టెస్టు ఒకసారి నడపండి సార్," అంది టెస్టర్.

పొద్దున్నే పెట్టెలోంచి తీసిన కొత్త మిషను. నెట్ లేదు. అందులో ఎవరూ ఏమీ టైపు చెయ్యలేదు.

నడిపాడు. తెర మీద ఒకే ఒక్క లైను వచ్చింది.

ఆమె దాక్కున్న ఇంటి అడ్రస్.

"నువ్వు టైపు చేశావా?"

"నేను కీబోర్డే ముట్టుకోలేదు సార్..."

గదిలో తడిసిన బట్టల వాసన... ఎక్కణ్ణుంచో తెలియలేదు. వాటా దాటితే ఆపేసే షరతు రాశాడు. నాలుగు లైన్లు. ఆ రోజే రాసుంటే ఆమె బతికేది. సిగ్గుతో ఏడుపొచ్చింది.

మళ్ళీ నడిపాడు. "కుదరదు" అని రావాలి.

రాలేదు. ఇంకో అడ్రస్ వచ్చింది. అతని ఇంటిదే... డోర్ నంబరుతో సహా.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ఎవరో ఆవిడ వచ్చింది," అంది గుసగుసగా. "మీరే ఇక్కడ దాక్కోమన్నారట. మెడంతా కమిలిపోయింది, బట్టలన్నీ తడిసి ఉన్నాయి, పాపం. రాగానే తనే గడియ పెట్టేసింది. ఈ అడ్రస్ ఎవరికీ ఇవ్వొద్దని మీకు చెప్పమంటోంది."

అతను కుర్చీలోంచి లేచాడు.

"ఉండండి... ఎవరో తలుపు కొడుతున్నారు."

"తియ్యకు!" అని అరిచాడు.

అవతల గడియ తీసిన చప్పుడు వినిపించింది.

"నేను తియ్యలేదండీ..." అంది భార్య. "ఆవిడ కూడా నా పక్కనే ఉంది."