తొక్కలేవీ, అత్తయ్యా?

పటాన్‌చెరు కూరగాయల మార్కెట్లో కౌసల్యమ్మ దుకాణంలో దొరకనిది లేదు, ఒక్క పచ్చి బఠాణీ తప్ప. డిసెంబరు నెల. ఎటు చూసినా బఠాణీ కుప్పలే. పొద్దున ఆరింటికే మంచుకు తడిసిన బస్తాలు విప్పుతుంటే బజారంతా పచ్చి వాసన.

"ఏందక్కా, సీజన్ల మటర్ పెట్టకుండ గిదేం బేరమే?" అన్నాడు పక్క దుకాణం యాదన్న. "కంపెనీలల్ల పనిచేసే బీహారోళ్ళంతా గదే అడుగుతున్నరు. నా దగ్గర రెండు బస్తాలున్నయి, పంపాల్నా?"

"నీ మటర్ నువ్వే అమ్ముకో. నాకు పడదు."

"తినేటోళ్ళకు పడకపోవుడు ఇన్న. అమ్మేటోళ్ళకు పడకపోవుడు గిప్పుడే ఇంటున్న!"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. కౌసల్యమ్మ కూడా నవ్వింది. అడిగిన దానికి జవాబు చెప్పడం ఇష్టం లేనప్పుడు నవ్వేస్తే మాట అక్కడితో తెగిపోతుందని ముప్పై ఏళ్ళ వ్యాపారం ఆమెకు నేర్పింది. కాయను చేత్తో పట్టి బరువు చెప్పగలదు. మనిషి నడకను చూసి కొంటాడో కొనడో చెప్పగలదు. కానీ మూడేళ్ళుగా, చలికాలం రాగానే, ఎవరో తన వెనకే కూర్చుని బఠాణీ కాయ ఒలిచినట్టు 'టప్' మని వినిపించే ఆ చప్పుడును ఏ తక్కెడలో వెయ్యాలో మాత్రం ఆమెకు తెలియలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు ఆదివారం. మనవరాలు తనుశ్రీకి బడి లేదు. దుకాణం పనివాడికి అప్పగించి పదింటికే ఆటో ఎక్కింది కౌసల్యమ్మ.

ఇంట్లో ఉండేది నలుగురు. కొడుకు శ్రీకాంత్ కాజీపల్లి మందుల కంపెనీలో షిఫ్టు పని చేస్తాడు. మొదటి కోడలు సృజన మూడేళ్ళ కింద కామెర్లు ముదిరి పోయింది. అప్పటికి తనుశ్రీకి ఐదేళ్ళు. నాలుగు నెలల కింద శ్రీకాంత్‌కు మళ్ళీ పెళ్ళి చేసి, జోగిపేట నుంచి అంకితను తెచ్చుకున్నారు. తెచ్చుకున్న రోజే కౌసల్యమ్మ ఆమె మెడలో ఒక చిన్న వెండి బిళ్ళ వేసింది. పోయిన మొదటి భార్య పేరు మీద రెండో భార్య వేసుకునే బిళ్ళ అది. వేసుకుంటే పోయిన మనిషి శాంతంగా ఉంటుందని పెద్దల మాట.

అంకిత మంచి పిల్లే. కానీ తనుశ్రీ ఆమెను ఏమనీ పిలవదు. పెట్టింది బాగుందనదు, బాగాలేదనదు. సగం తిని కంచం పక్కకు జరిపి లేచిపోతుంది. ఎంత పోరినా ఎందుకు వదిలేసిందో చెప్పదు. పిల్ల రోజురోజుకూ తేలికైపోతోందని కౌసల్యమ్మ ఎత్తుకోకుండానే గ్రహించింది.

వాకిట్లో చెప్పులు విడుస్తుండగా 'టప్' మని చప్పుడు వినిపించింది.

కౌసల్యమ్మ ఆగిపోయింది. మళ్ళీ 'టప్', ఆ వెంటనే ఇంకోటి. ఈసారి వెనక నుంచి కాదు, ఇంట్లోంచి వస్తోంది. గోడ పట్టుకుని రెండడుగులు లోపలికి వేసింది. అప్పుడు వంటింట్లోంచి సన్నటి గొంతు వచ్చింది.

"తొక్కలు పడేయకూడదు. తొక్కలు కావాలి."

కౌసల్యమ్మ చేతిలోని సంచి జారింది. టమాటలు గడప దాకా దొర్లాయి. ఈ ఇంట్లో 'తొక్కలు' అనే మనిషి ఒక్కతే. ఆమె పోయి మూడేళ్ళయింది.

వంటింట్లో నేల మీద అంకిత, తనుశ్రీ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యలో బేసిన్ నిండా గింజలు. పక్కన గంపలో ఒలిచిన కాయల పొట్టు. అన్నది తనుశ్రీయే. తల్లి మాట, తల్లి యాస, తల్లి గొంతులోని ఆ సాగదీతతో సహా.

"అత్తమ్మా, వచ్చినవా? జెర కూసో. సూపు చేస్తున్న..." అంటూ లేవబోయింది అంకిత.

"ఎవరు తెమ్మన్నరు నిన్ను ఇవి?"

"తనూనే అడిగింది. పొద్దుగాల లేవంగనే వచ్చి నా కొంగు వట్టుకుంది. 'మమ్మీ చేసే పచ్చ సూపు నీకు వచ్చా' అన్నది. నాలుగు నెలల్ల ఇదే మొదటిసారి అత్తమ్మా, నన్ను ఒక్కటి అడుగుడు." అంకిత ముఖం వెలిగిపోతోంది.

ఆ వెలుగు కౌసల్యమ్మకు కనిపించలేదు. వంగి బేసిన్ ఎత్తి ఒక్కసారి బోర్లించింది. గింజలు గలగలా నేలంతా పరుగెత్తాయి, ఫ్రిజ్జు కిందికి, తలుపు చాటుకు, పిల్ల కాళ్ళ మధ్యకు.

"ఈ ఇంట్లకు మటర్ రావొద్దు! ఎన్నడు రావొద్దు!"

తనుశ్రీ ఏడవలేదు. నోరు గట్టిగా మూసుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పడిన చప్పుడుకు అంకిత ఉలిక్కిపడింది. తర్వాత నెమ్మదిగా లేచి నిలబడింది.

"ఏం తప్పు చేసిన అత్తమ్మా?"

"అది నువ్వు వండేది కాదు."

"ఎందుకు కాదు? బిళ్ళ ఏసుకోమంటివి, ఏసుకున్న. ఫోటోకు రోజు దీపం పెట్టుమంటివి, పెడుతున్న. ఆమె బిడ్డ ఆమె సూపు అడిగితే వండొద్దా? ఆమె నా మెడల ఉండొచ్చు గని నా పొయ్యి మీది గంజుల ఉండొద్దా?"

ఈసారి నవ్వుతో తెంపే మాట కాదు.

"ఇయ్యాల్నే నోరు తెరిచింది పిల్ల. నువ్వే మూసినవ్." అంకిత నేల మీది గింజలు దాటి ఇవతలికి వచ్చింది. "ఇగ నాతోని కాదు. నేను మా అమ్మోళ్ళింటికి పోత. ఆయనొచ్చినంక చెప్పు."

ఆమె పడకగదిలోకి వెళ్ళి బ్యాగు తీసింది. కౌసల్యమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. బేరం తెగనప్పుడు గిరాకీలు రెండు రకాలుగా పోతారు. కొందరు నాలుగడుగులు వేసి, పిలుస్తారేమోనని వెనక్కి చూస్తారు. కొందరు చూడరు. చూడని వాళ్ళు నిజంగా పోయేవాళ్ళు. అంకిత ఒక్కసారి కూడా తల తిప్పలేదు. చీర తర్వాత చీర మడిచి పెడుతోంది.

"ఆగు బిడ్డా," అంది కౌసల్యమ్మ. "పోదువు గని. ఒక్క మాట ఇని పో."

అంకిత చేతులు ఆగాయి. కౌసల్యమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"సృజనది గోదావరి దిక్కు. వాళ్ళ నాయినకు ఇక్కడ ఫ్యాక్టరీల నౌకరి. కాయ పొట్టును తొక్కలు అంటది. పెండ్లైన కొత్తల్ల 'తొక్కలు ఇవ్వండి అత్తయ్యా' అంటే నేను తొక్కు పచ్చడనుకోని మామిడికాయ తొక్కు జాడి తెచ్చి చేతుల పెట్టిన. నెల దాక నవ్వుకున్నం. బఠాణీ తియ్యదనమంత తొక్కలల్లనే ఉంటదట. అవి ఉడకబెట్టి, ఆ నీళ్ళతోని చేస్తది సూపు. సగం బరువు పొట్టే పాయె అని నేను పారేస్తుంటి. ఆమె ఏరుకుంటుండె."

గుమ్మం దాకా దొర్లివచ్చిన గింజను వేలితో పక్కకు నెట్టింది.

"హాస్పిటలోళ్ళు ఇంటికి తీస్కపొమ్మన్నరు. ఏది అడిగితే అది పెట్టుమన్నరు. జ్యేష్ఠ మాసం. ఏది నోట్లె పెట్టినా నిలుస్తలేదు. ఓ నాడు నా చెయ్యి వట్టుకోని 'బఠాణీ సూపు తాగాలనుంది అత్తయ్యా' అన్నది. మన దగ్గర అప్పుడేడుంటది బఠాణీ? గని పట్నంల బోయినపల్లి మార్కెట్ల సిమ్లా కాయ వస్తది. నాకు తెల్సు. తెల్లారి పోతే దొరుకుతుండె. ఒక్క పొద్దు పని."

"పోలేదా?" అంది అంకిత.

"రెండు పెండ్లిళ్ళకు కూరగాయలు ఒప్పుకున్న. దుకాణం ఇడిసిపెడితే మాట పోతదనుకున్న. కిరాణా కొట్టుల ఎండు బఠాణీ తెచ్చి, సోడా ఏసి నానబెట్టిన. పచ్చివాటి లెక్కనే ఉబ్బినయి. అంగట్ల గట్ల నానబెట్టి కలిపి అమ్మేటోళ్ళున్నరు. నేను గిరాకీకి ఎన్నడు చెయ్యలే బిడ్డా. ఇంట్ల చేసిన. సచ్చిపోయేదానికి చేసిన."

అంకిత బ్యాగు పక్కన మెల్లగా కూర్చుంది.

"గ్లాసుల పోసిచ్చిన. 'బోయినపల్లి పోయొచ్చిన' అని చెప్పిన. చూసింది. 'తొక్కలేవీ అత్తయ్యా' అన్నది. ఏం చెప్పాలె? ఎండు బఠాణీకి పొట్టేడిది? ఇననట్టే, పాత పరాచికం లెక్క, మామిడి తొక్కు తెచ్చి పక్కకు పెట్టిన. నవ్వింది. 'బాగుంది అత్తయ్యా' అన్నది. మూడో నాడు పోయింది. ఇంట్ల ఏ మూల నిలవడ్డా గదే అడుగుతున్నట్టు ఉంటది నాకు. తొక్కలేవీ, తొక్కలేవీ అని."

వంటింట్లో ఫ్రిజ్జు ఒకటే గురక పెడుతోంది.

"నువ్వు బోయినపల్లి పోతే బతుకునా ఆమె?" అంది అంకిత.

"బతకదు. గని తాగి పోతుండె."

అంకిత ఓదార్చలేదు. ఆమె కూడా కష్టం చూసి వచ్చిన పిల్లే. లేనిపోని మాటలు చెప్పి ఆ బరువును తగ్గించాలని చూడలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

లోపలి గది గడియ తీసిన చప్పుడైంది. తనుశ్రీ తలుపు సందులోంచి చూస్తోంది.

"నానమ్మా, గా సూపు నేను తాగిన."

"ఏ సూపు బిడ్డా?"

"మమ్మీకి నువ్విచ్చింది. నాకు ఒక్క గుక్క తాపింది. సోడా వాసన వచ్చింది. 'బాలేదు మమ్మీ' అన్న. మమ్మీ నా నోటి మీద చెయ్యి పెట్టింది. 'ష్, అట్లా అనకూడదు, నానమ్మ బాధపడుతుంది' అన్నది." పిల్ల తల వంచుకుంది. "నేను ఎవ్వరికీ చెప్పలే."

అబద్ధం తానొక్కతే ఆడానని కౌసల్యమ్మ మూడేళ్ళు మోసింది. తెలిసి తాగిన మనిషి కూడా ఒకటి ఆడింది. ఆ రెండింటి మధ్య ఐదేళ్ళ పిల్ల నోరు మూసుకుని నిలబడి ఉంది. అన్నం బాగాలేదని చెప్తే ఎవరికో బాధ కలుగుతుందని, చెప్పకుండా కంచం పక్కకు జరుపుతూ ఇన్నాళ్ళూ సన్నబడింది. ఎవరి తూకంలో చూసినా ఎక్కువ మోసింది ఆ పిల్లే.

"దా తల్లీ," అని చేతులు చాపింది. తనుశ్రీ వచ్చి ఒళ్ళో కూర్చుంది. అప్పుడు ఏడ్చింది కౌసల్యమ్మ. చావు నాడు కూడా అంత గట్టిగా ఏడవలేదు. బంధువులకు వండి పెట్టడంలోనే ఆ రోజంతా గడిచిపోయింది.

ఏడుపు తగ్గాక ఆమె మోకాళ్ళ మీద వంగి, గుమ్మం దగ్గరికి దొర్లి వచ్చిన గింజ ఒకటి ఏరింది. తర్వాత ఇంకోటి. తనుశ్రీ ఫ్రిజ్జు కిందికి చెయ్యి పెట్టింది. అంకిత కాసేపు నిలబడి చూసి, బ్యాగు మూయకుండానే వచ్చి చీపురుతో మంచం కిందవి బయటికి లాగింది. ముగ్గురూ ఏరినవి మూడు నీళ్ళలో కడిగారు.

"ఎట్లనే మీ మమ్మీ చేసేది?" అని పిల్లను అడిగింది కౌసల్యమ్మ.

"తొక్కలు ముందు."

పొట్టు కడిగి, నార తీసి, మునిగే దాకా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది అంకిత. పావుగంటకు ఇల్లంతా తియ్యటి పచ్చి వాసన. కౌసల్యమ్మ వంటింట్లోంచి కదల్లేదు. పొట్టు నీళ్ళు వడకట్టింది ఆమే. వెన్నలో ఉల్లిపాయ, అల్లం ముక్క వేగాక గింజలు వేసి, ఆ నీళ్ళే పోసి ఉడికించారు. ఎక్కువ ఉడికితే రంగు పోతుందని దించి, చల్లార్చి, మిక్సీలో తిప్పి, జల్లెట్లో రుద్ది తీశారు. ఉప్పు వేసి, మళ్ళీ వెచ్చచేసి, మిరియాల పొడి చల్లింది అంకిత.

మూడు గిన్నెల్లో పోసుకుని నేల మీదే కూర్చున్నారు. తనుశ్రీ ఊది ఊది ఒక చెంచా నోట్లో పెట్టుకుంది. అంకిత చెంచా పట్టుకోలేదు. పిల్ల ముఖమే చూస్తోంది.

తనుశ్రీ నానమ్మ వైపు చూసింది.

"ఎట్లుందో చెప్పు బిడ్డా," అంది కౌసల్యమ్మ. "ఉన్నదున్నట్టు చెప్పు. ఎవ్వరం బాధపడం."

పిల్ల ఇంకో చెంచా తాగి ఆలోచించింది.

"మమ్మీది లెక్క లేదు," అంది. "మిరియాలు మస్తైనయ్. నాలుక మండుతోంది."

అంకిత కళ్ళు దించుకుంది. తనుశ్రీ గిన్నె ఎత్తి చివరి దాకా తాగి, మూతి తుడుచుకుని ఆమె ముందుకు జరిపింది.

"ఇంకింత పొయ్యి."

అంకిత గరిటె ముంచి పోసింది. సగం గిన్నె బయటే పడింది.

"రేపు మిరియాలు తక్కువేస్త," అంది.

"రేపు గూడ చేస్తవా? జోగిపేట పోవా?"

"నానమ్మ మటర్ తెస్తే చేస్త."

ఇద్దరూ కౌసల్యమ్మ వైపు చూశారు. ఇంటి నుంచి పది నిమిషాల దూరంలో ప్రతి బండి మీదా బఠాణీ కుప్పలుగా పోసి ఉంది. పిలిస్తే చాలు, యాదన్న రెండు బస్తాలు పంపిస్తాడు. ఆ సంగతి ఆమెకు తెలియనిది కాదు.

"తెస్త," అంది కౌసల్యమ్మ. "తెల్లారి మొదటి బస్సుకు బోయినపల్లి పోయి తెస్త."

అంత దూరం ఎందుకని అంకిత అడగలేదు. అత్త ముందున్న గిన్నెలోకి ఇంకో గరిటె పోసింది.