బూడిదలో మాత్రలు

పొద్దున్నే అంట్లు తోముదామని అక్కమ్మ పొయ్యిలోంచి చారెడు బూడిద తీసింది. వేళ్ళకు గట్టిగా తగిలితే బొగ్గులనుకుంది. చూస్తే మాత్రలు. సగం కాలి నల్లబడినవి, ఏరితే పదకొండు. హెచ్ఐవీకి బళ్ళారి ఆసుపత్రిలో కోడలికిచ్చే మాత్రలు.

వీధి మలుపులో మిరప కోతకు పోయే టెంపో హారన్ కొడుతోంది. కోడలు పుష్పావతి నడింట్లో గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నెల నుంచీ అంతే.

"ఏందే ఇది? మాత్రలు మింగకుండా పొయ్యిలో ఏస్తాండావా?"

"ఊ."

"ఊ అంటావేందే, సస్తావు!"

"ఎప్పుడన్నా సచ్చేదే కదత్తా."

"నీకు మనసు బాగలేదు, మనసు డాక్టరుకు సూపీమని ఆస్పత్రి మేడం సెప్పనే సెప్పింది. పిచ్చిదని ఊరు నవ్వుతాదని నేనే ఒద్దన్యా. నువ్వూ పోతే నాకింత సంగటి కెలికి పెట్టేదెవురే?"

పుష్పావతి లేచి కూర్చుంది. "సంగటి కోసరమా నేను బతకల్ల? బాగుండాది."

అక్కమ్మ గొంతు తగ్గించింది. "పనీపాటా లేకుండా సుమ్నె పండుకుంటే ఇట్లే అయితాది. సిద్ధమ్మ గుంపుతో మిరప కోత కూలికన్నా పోరాదా?"

"పోయిన నెల పోయింటిని. కడవలో చెంబు ముంచితే సిద్ధమ్మక్క నీళ్ళన్నీ పారబోసింది. ఎందుకక్కా అంటే, 'తిరగరాని తిరుగుళ్ళు తిరిగి రోగం తెచ్చి మొగున్ని మింగినావు, మీ అత్తే సెప్పింది' అనింది. ఏడేండ్లుగా ఊరు నన్నెందుకు అట్ల సూస్తాందో ఆ పొద్దు తెలిసింది. నేను పుట్టింటి నుంచి తెచ్చింది ఒగ ట్రంకు పెట్టె అత్తా. దాంట్లో నాలుగు సీరలుండె. రోగం లేదు."

అక్కమ్మ చేతిలో బూడిద జారిపోయింది. తానా మాట అన్నది నిజమే. కొడుకు దేవరాజ్ దోణిమలై గనుల నుంచి ఖనిజం లారీ తోలేవాడు. వాడి దినాల రోజు, పరామర్శకొచ్చిన ఆడవాళ్ళు రోగం ఎలా వచ్చిందని గుచ్చి గుచ్చి అడిగితే, చచ్చినవాడి పేరు చెడకూడదని అనేసింది. వాడి పేరు నిలబడింది. బతికున్నదాని నెత్తిన ఆ మాట ఏడేళ్ళూ కూర్చుంది.

హారన్ మళ్ళీ మోగింది. అక్కమ్మ బూడిద చేతులతోనే టెంపో దగ్గరికి నడిచింది.

"సిద్ధమ్మా, రోగం తెచ్చింది నా కొడుకు. కోడలికి అంటించింది వాడే. నేను సెప్పింది అబద్ధం. మీరందరూ ఇనండి."

టెంపోలో సిద్ధమ్మ కొంగు సవరించుకుంది. "ఇన్నేండ్లు ఈ మాట యాడికి పోయిండె పెద్దమ్మా?" అంది. ఆ మాటతోనే టెంపో కదిలిపోయింది.

తిరిగొచ్చేసరికి పుష్పావతి గడపలో నిలబడి ఉంది. అంతా విన్నది.

"బళ్ళారికి పోదాం రామ్మా. మనసు డాక్టరుకు సూపిస్తా. నవ్వేవాళ్ళు నవ్వుకోనీ."

పుష్పావతి గడప దిగింది. "వస్తా. ఎప్పటి నుంచి ఇట్లుండాదని ఆ డాక్టరు అడుగుతాడు. నువ్వే సెప్పల్ల."

"సెప్తాలే. నీ మొగుడు పోయినప్పటి నుంచని సెప్తా."

"కాదు. నువ్వా మాట అన్న దినం నుంచి."

అక్కమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా ఏడుపు ఆగలేదు.

"అట్లే సెప్తా తల్లీ," అంది.