ముప్పయ్యేడు పళ్ళ చక్రం

సోమవారం ఉదయం ఎనిమిదీ పది.

ఫ్యాక్టరీ యజమాని రెండు టన్నుల ఇనుప అచ్చు కింద చచ్చి పడి ఉన్నాడు. పైన, బరువులెత్తే హాయిస్టు పెద్ద చక్రంలో ఒక పన్ను విరిగింది. చక్రం పట్టు తప్పింది.

ఇన్‌స్పెక్టర్ నిచ్చెన దిగి చేతులు తుడుచుకుంది.

"కొక్కెం కింద ఈయనకేం పని?"

"ప్రతి సోమవారం మొదటి బరువు కింద మామయ్యే నిలబడతారు మేడమ్," అన్నాడు యజమాని అల్లుడు. మేనేజర్ కూడా అతనే. "పోయినేడు ఇక్కడే ఒక హెల్పర్ పోయాడు. ఇంజనీరు గారి తమ్ముడే. తాగి పనిచేశాడు. తప్పు హాయిస్టుదని పుకారు లేచింది. మిషన్ భేషుగ్గా ఉందని చూపించడానికి..."

"మరి ఇవాళ?"

"ఆపరేటర్ తాగి ఉన్నాడు."

"పొద్దున్నుంచి టీ చుక్క కూడా తాగలేదమ్మా," అన్నాడు ఆపరేటర్. అప్పటికే అతని చేతులకు బేడీలు పడ్డాయి.

హాయిస్టు డిజైన్ చేసిన ఇంజనీరు గోడవారగా నిలబడి ఉంది. శవాన్ని రెప్పవేయకుండా చూస్తోంది.

"ఈ చక్రానికి పళ్ళెన్ని?" ఇన్‌స్పెక్టర్ అడిగింది.

"ముప్పయ్యేడు. దాన్ని తిప్పే చిన్న చక్రానికి పన్నెండు."

"ముప్పయ్యారు పెడితే లెక్క సుళువు కదా?"

"అదే ప్రమాదం. పన్నెండు మూళ్ళు ముప్పయ్యారు. చిన్నదాంట్లో ఒక్కో పన్నూ ప్రతిసారీ పెద్దదాంట్లో అవే మూడింటిని కొడుతుంది. ముప్పయ్యేడు అలా లొంగదు. ఒకటితో, తనతో తప్ప దేనితోనూ నిశ్శేషంగా భాగం పోదు. ప్రతి పన్నూ వంతులవారీగా అన్నిటినీ తాకుతుంది. అరుగుదల అన్నీ పంచుకుంటాయి."

పదకొండింటికి చక్రాన్ని కిందికి దింపారు. ముగ్గురినీ దాని చుట్టూ నిలబెట్టి, ఇన్‌స్పెక్టర్ ఒక్కో పన్నుకీ చాక్‌పీసుతో గీత పెట్టింది.

ముప్పయ్యారు.

మేనేజర్ మళ్ళీ లెక్కపెట్టాడు. ముప్పయ్యారే.

"పన్నెండేసి పళ్ళకొకటి, మూడింటికే దెబ్బ తగిలింది," అంది ఇన్‌స్పెక్టర్. " ఒకటి విరిగింది, రెండు సగానికి అరిగాయి. మిగతావి కొత్తవిలా ఉన్నాయి. చిన్న చక్రంలో ఒక పన్ను మీద వెల్డింగ్ బొడిపె ఉంది. చక్రం ముప్పయ్యేడు పళ్ళదే అయితే ఆ దెబ్బను అన్నీ పంచుకునేవి."

"ఎవరు చేసుంటారు?" అడిగాడు ఆపరేటర్.

"ముప్పయ్యేడు ఎందుకో తెలిసినవాళ్ళు."

"ఇదంతా ఎందుకు మేడమ్? వీడు తాగాడని రాసి సంతకం పెట్టేశాను," అన్నాడు మేనేజర్.

"తాగలేదు," అంది ఇంజనీరు. "మా తమ్ముడూ తాగలేదు. బ్రేకు పట్టడం లేదని వాడు నెల్లాళ్ళు మొత్తుకున్నాడు. యజమాని వినలేదు. చక్రం మార్చింది నేనే."

"కింద ఇంకెవరైనా ఉండుంటే?"

"కొక్కెం చుట్టూ ఆ పసుపు గీత నేనే గీయించాను. దాటేది ఆయనొక్కడే. నా తమ్ముడి మీద వేసిన అబద్ధాన్ని నిలబెట్టుకోవడానికి వారం వారం వచ్చి నిలబడేవాడు. నేను రమ్మనలేదు."

ఆపరేటర్ బేడీలు ఆమె చేతులకు మారాయి.

ఇన్‌స్పెక్టర్ మేనేజర్ వైపు తిరిగింది.

"హెల్పర్ తాగాడన్న రిపోర్టులోనూ సంతకం మీదేనా?"

"అవును... మామయ్య పెట్టమంటే..."

"ఆ కేసు కూడా తిరగదోడుతున్నాను. జీపెక్కండి."

ఇంజనీరు సీట్లో కాస్త జరిగి చోటిచ్చింది.

"రండి సార్. మా తమ్ముడు ఏం తాగాడో దార్లో చెబుదురుగాని."