తల తుంచిన సొరతీగ

ముత్తయ్య పేరు వింటేనే లింగమూర్తికి ఒళ్లు మండేది. హుస్నాబాద్‌లో వాళ్ల వాడకట్టు నుంచి మొదట కాలేజీ మొఖం చూసినవాడు ముత్తయ్య. "బయాలజీ తీస్కో తమ్మీ. కప్పలను కోసుడే గని లెక్కలుండయి" అని నమ్మబలికి కరీంనగర్ బస్సెక్కించాడు. తీరా చేరాక ఆ ఏడే బయాలజీ వాళ్లకని ప్రత్యేకంగా కాలిక్యులస్ పేపరు పెట్టారు. లెక్కలకు భయపడి కప్పల చాటుకు పోయినవాడిని డీవై బై డీఎక్స్ అక్కడికే వెతుక్కుంటూ వచ్చింది.

లెక్కల సారుకు మాత్రం పండగే. ఇద్దరిద్దరు కలిసి ఒక తీగ పెంచాలన్నాడు. రోజూ పొడుగు కొలిచి గ్రాఫు గీయాలి. ఏ రోజు ఎంత వేగంగా పెరిగిందో ఆ గీత వాలు చూసి చెప్పాలి. సగం మార్కులు దానికే. చీటీలు తీస్తే లింగమూర్తికి అనసూర్య జత పడింది.

అనసూర్య మందమర్రి పిల్ల. తండ్రికి బొగ్గుబాయిలో పని. ఒక్క పేపర్ పోయినా చదువు బంద్, మేనబావతో లగ్గం అని ఆయన తేల్చి చెప్పాడు. ఆ మేనబావకు ఆడపిల్ల చేతిలో పుస్తకం కనపడితే తలనొప్పి. అందుకే మొదటిరోజే ఆమె హెచ్చరించింది.

"గిది మీకు ఆట కావచ్చు. నాకు కాదు."

కాలేజీ వెనక సొరగింజ పెట్టారు. ఆమె దారంతో కొలిస్తే అతను గ్రాఫు మీద చుక్క పెట్టేవాడు. చూపు ఆమె మీద ఉండేసరికి చుక్క పక్క గడిలో పడేది. "తీగ గిక్కడున్నది" అని స్కేలుతో వేళ్ల మీద తట్టేది. ఒక సాయంత్రం వాన కురిస్తే, తీగ విరిగిపోతుందేమోనని ఇద్దరూ ఒకే గొడుగు కింద నిలబడి దానికి కాపలా కాశారు. సొరతీగకు వాన మంచిదేనని లింగమూర్తికి తెలుసు. చెప్పలేదు.

తర్వాత ఆమె ఊరికి పోయింది. తీగ పందిరెక్కింది. ఇంటి దగ్గర తల్లి భూమవ్వ వెంట తిరిగి నేర్చిన చెయ్యి ఊరుకుంటుందా? పందిరెక్కిన తీగ కొసను పటుక్కున తుంచేశాడు. కొస చేతిలోకి వచ్చాక గాని గ్రాఫు గుర్తుకు రాలేదు.

తిరిగొచ్చిన అనసూర్య కొలిచింది. మళ్లీ కొలిచింది. ఎవరి మేక మేసిందోనని తిట్లు మొదలుపెట్టింది. కాసేపు ఆ మేకను అలాగే ఉండనిద్దామా అనుకున్నాడు గాని మనసొప్పలేదు.

"మేక గాదు. నేనే తుంచిన. తుంచితే పక్కకొమ్మలొచ్చి కాయ మంచిగ కాస్తది."

"కాయలెవరడిగిండ్రు? నా లగ్గానికి మా బాపుకన్న మీకే తొందరున్నట్టున్నది."

ఆ తర్వాత మాటల్లేవు. గ్రాఫు మీద గీత నేలబారుగా పాకింది. లింగమూర్తికి అన్నం సయించలేదు.

ఒక పొద్దున తీగ గణుపుల్లో లేత కొమ్మలు తొంగిచూశాయి. అనసూర్య కూర్చుని ఒక్కో కొమ్మనూ దారంతో కొలిచి అన్నీ కలిపింది. దారం చాలక జడ రిబ్బను విప్పింది. వారం తిరిగేసరికి గీత తాటిచెట్టులా నిటారుగా లేచింది.

క్లాసులో సారు ఆ గ్రాఫు పైకెత్తి, ఇది పడిందెందుకు, ఆగిందెందుకు, లేచిందెందుకు అని అడిగాడు. లింగమూర్తి బల్ల కిందికి జారాడు. అనసూర్య లేచి నిలబడింది.

"తల పోయిందని ఆగిపోలే సార్. తొవ్వ మార్చుకున్నది."

మిగతావాళ్ల తీగలన్నీ పెరిగాయి, ఎందుకు పెరిగిందో చెప్పగలిగింది ఈ ఒక్క జంటేనని సారు మార్కులు కుమ్మరించాడు.

బయటికొచ్చాక లింగమూర్తి ఆమె పక్కకు చేరాడు.

"మీ మేనబావ ఆశ గూడ జర తుంచరాదు?"

ఆమె నవ్వు దాచుకుంది. "తుంచుడు మీకే అలవాటు. మా బాపుతోని మీరే మాట్లాడుండ్రి."

అతను మందమర్రి పోయి నోరు విప్పాడు. తవ్విచూస్తే రెండిళ్లకూ దూరపు చుట్టరికం తేలింది. మేనబావ మాట పక్కకు పెట్టి, అనసూర్య పాసయ్యాకే మీ లగ్గం అన్నాడు తండ్రి. ఆమె మొదటిసారే గట్టెక్కింది. లింగమూర్తి సప్లిమెంటరీలో ఈదుకుంటూ వచ్చాడు.

పెళ్లి బంతిలో ముందు కూర్చున్న ముత్తయ్య, ఈ సంబంధం తన సలహా పుణ్యమేనని అందరికీ చెప్పుకున్నాడు. పెళ్లికొడుకే అతని విస్తట్లో ఇంకో లడ్డు వేయించాడు.

కోడలు వచ్చిన నెలకే భూమవ్వ బావి పక్క అర గుంట మడిని ఆమెకు అప్పగించింది. తీగలు పెట్టుకుంటుందట, కొలుచుకుంటుందట. కొడుకు గట్టు మీద కాలు పెట్టబోతే ఆపింది. "గది కోడలిది. నీ చెయ్యి మంచిది గాదు."

ముత్తయ్య మాట విన్నందుకు లింగమూర్తి పోగొట్టుకున్న భూమి సరిగ్గా అర గుంట.