తిరుగుచీటీ

ఓడలో పొద్దున్నే ఇడ్లీల దగ్గర క్యూ కట్టకముందే మణికట్లు మోగుతాయి. ఆ రోజు తగిలే రేవులో ఎవరికి ఏ పత్రం చెల్లుతుందో చర్మం మీద చిన్న అక్షరాల్లో వెలుగుతుంది. జనం ఆవలిస్తూ చూసుకుని, పక్కవాళ్ళది కూడా తొంగిచూసి, ప్లేటు పట్టుకుంటారు. కాకినాడలో బయల్దేరి తొమ్మిది రోజులయింది. ఇది పదకొండో సరిహద్దు. 2076లో విహారయాత్ర అంటే ఇంతే. విహారం తక్కువ, తనిఖీ ఎక్కువ.

తీరాలు మునిగాక బంగాళాఖాతం నిండా తేలే ఊళ్ళు వెలిశాయి. ప్రతి ఊరూ ఒక దేశం, ప్రతి దేశానికీ తనదైన పత్రాల జాబితా. ఏ రేవులో ఏది చూపాలో తెలియక ప్రయాణికులు పెట్టెడు కాగితాలు మోసుకెళ్ళి, కావలసిన ఆ ఒక్కటీ ఇంట్లో మరిచిపోయేవారు. ఆ బాధ తీర్చడానికి డాక్టర్ ధీరజ్ ముప్పై ఏళ్ళ కిందట 'పత్రనిర్ణేత'ను కనిపెట్టాడు. ఇంగ్లీషువాళ్ళు దాన్ని డాక్యుమెంట్ ప్రిడిక్టర్ అన్నారు. మనిషి దిగి ఎక్కడికి వెళ్తాడు, ఎవరిని చూస్తాడు, ఎంతసేపు ఉంటాడు అన్నది అది ముందే లెక్కగడుతుంది. ఒప్పందం ప్రకారం రేవుల రికార్డులూ, ఆస్పత్రుల రికార్డులూ అన్నీ చదువుతుంది. మనం ఏం చెబుతామన్నది దానికి పట్టదు. ఏం చేస్తామన్నదాన్ని బట్టి పత్రం ఇస్తుంది.

మొదట్లో కారణం కూడా చెప్పేది. చెప్పిన ప్రతిసారీ కౌంటరు దగ్గర రభసే. "నేను దొంగవ్యాపారం చేస్తానని దీనికెవడు చెప్పాడయ్యా?" అని ఒకడు, "మా ఆయన ఈ ఊళ్ళోనే ఉండిపోతాడంటుందేంటిది?" అని ఒకావిడ. విసిగిపోయి ధీరజే దాని నోరు మూయించాడు. అప్పట్నుంచీ పత్రం వస్తుంది, కారణం రాదు.

ఆ ఉదయం అతని భార్య సహస్ర మణికట్టు మీద 'తిరుగుచీటీ' అని వెలిగింది.

ఆ రోజు తగిలే నీలరేవులో చెల్లేవి రెండే. తిరుగుచీటీ ఉంటే దిగి నేరుగా నడిచిపోవచ్చు, కానీ సాయంత్రం ఆరుకి ఓడ కదిలేలోగా వెనక్కి రావాలి. బసచీటీ ఉంటే మూడు నెలలు ఉండొచ్చు, కానీ ముందు రేవు హాల్లో మూడు నాలుగు గంటలు విచారణ. నీలరేవు ఆస్పత్రిలో సహస్ర అక్క సంహిత, భర్త పోయాక ఒంటరిది, ఆఖరి దశలో ఉంది. ఆమె దగ్గరుండి చూసుకోవాలనే, వస్తున్నానని ఆస్పత్రికి కబురు పంపి, సహస్ర ఈ ప్రయాణం పెట్టుకుంది. విమానాలు లాటరీ తగిలినవాళ్ళకే కాబట్టి, ఆ ఊరు చేరాలంటే ఈ బాజాల విహార ఓడ తప్ప గతిలేదు.

అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని పదకొండేళ్ళయింది. సహస్ర కూతురి పెళ్ళి శుభలేఖలో పెద్దమ్మ, పెదనాన్నల పేర్లు పడలేదు. అచ్చు వేసినవాడి పొరపాటే. క్షమించమని ఇవతలివాళ్ళు అడగలేదు, పోనీలే అని అవతలివాళ్ళు అనలేదు. అంతే.

"అంటే ఏంటి?" అంది సహస్ర, మణికట్టు మొగుడి మొహం ముందు పెట్టి. "చుట్టపుచూపుగా వెళ్ళి, సాయంత్రానికి ఓడెక్కేస్తాననా నీ యంత్రం ఉద్దేశం?"

"దానికి ఉద్దేశాలుండవు. లెక్కలుంటాయి."

"ఏ లెక్క? అక్క అలా పడుంటే మధ్యలో వదిలేసి వచ్చేదానిలా ఉన్నానా నేను?"

ధీరజ్ ఏమీ అనలేదు. నిజానికి అతనూ అదే అనుకున్నాడు. గంటలో శుభలేఖ సంగతి ఎత్తుతారు, రెండో గంటకి ఈవిడ చెప్పులేసుకుంటుంది. యంత్రం పట్టేసిందనుకున్నాడు.

ఆ మౌనం సహస్రకి అర్థమైంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మార్చు. సాయంత్రానికి తిరిగొచ్చే చీటీ పెట్టుకుని అక్కకి నా మొహం ఎలా చూపించను?"

యంత్రం ఎంపికని మార్చే తాళం కనిపెట్టినవాడి దగ్గర మాత్రమే ఉంది. వాదించే ఓపిక లేక ధీరజ్ తన తెర తెరిచాడు. 'కారణం చూస్తారా?' అని అడిగింది యంత్రం. తాళం ఉన్నవాణ్ణి మాత్రమే అలా అడుగుతుంది. తెలిసిన కారణమే కదా అని 'వద్దు' నొక్కి, ఇద్దరికీ బసచీటీలు ఇప్పించాడు.

పది గంటలకి ఇద్దరూ దిగారు. రేవు హాల్లో కూర్చోబెట్టి రక్తం తీశారు. ఎక్కడ ఉంటారు, ఎవరు పోషిస్తారు, నీళ్ళ కోటా ఎవరిది అని అడిగిందే అడిగారు. తిరుగుచీటీలవాళ్ళు టోపీలు పెట్టుకుని పక్కగుమ్మం లోంచి నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. ఆస్పత్రి మేడ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది, నడిస్తే పది నిమిషాలు.

ఒంటిగంటా ఇరవైకి చీటీ మీద ముద్ర పడింది. వీళ్ళు వెళ్ళేసరికి సంహిత పోయి పావుగంటయింది.

"పొద్దుట్నుంచీ అడుగుతానే ఉన్నారండీ," అంది నర్సు. "చిన్నది ఓడ దిగిందా, ఎక్కడిదాకా వచ్చింది అని. ఆఖరిదాకా తెలివిగానే ఉన్నారు."

సహస్ర అక్క పాదాలు పట్టుకుని కూలబడిపోయింది. నేల లేని ఊరు కాబట్టి సూర్యుడు దిగేలోపే శవాన్ని సముద్రానికి అప్పగిస్తారు. అయిదున్నరకి అదీ అయిపోయింది. ఇక ఆ ఊళ్ళో ఉండడానికి ఎవరూ లేరు. మూడు నెలల బసచీటీతో సహస్ర ఆరింటి ఓడ ఎక్కింది.

గదిలో ధీరజ్ తెర తెరిచాడు. ఈసారి కారణం అడిగాడు.

'చూడవలసిన వ్యక్తి మధ్యాహ్నం రెండు దాటి బతికే అవకాశం నూటికి నాలుగు. విచారణ లేని పత్రం ఇస్తే ప్రయాణికురాలు పదింబావుకి చేరగలదు.'

చాలాసేపు చదివిందే చదివాడు. యంత్రం సహస్రని అనుమానించలేదు. అనుమానించింది తను.

కింద ఇంకో ప్రశ్న ఉంది. తాళం వాడినవాడు జవాబివ్వాలి. 'యంత్రం ఎంపిక సరైనదేనా?' అవునంటే ఆ కారణం చట్టప్రకారం ప్రయాణికురాలికి అందుతుంది. కాదంటే యంత్రం తనని తాను దిద్దుకుంటుంది. కనిపెట్టినవాడి దిద్దుబాటుకి లక్షమంది అనుభవమంత విలువ కట్టమని రాసింది కూడా ధీరజే.

సహస్ర గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "నిజం చెప్పు," అంది. "పొద్దున అది నా గురించి ఏమనుకుంది?"

"పొరపాటు పడింది," అన్నాడు ధీరజ్. 'కాదు' అని నొక్కాడు.

"నాకు తెలుసు," అంది సహస్ర. కాసేపటికి ఏడుపు తగ్గి నిద్రపోయింది.

మర్నాడు పన్నెండో సరిహద్దు. ఇక్కడా అవే రెండు చీటీలు, అదే విచారణ. ఎదురు గదిలో ఉండే చరణ్‌గారు, డెబ్భై ఏళ్ళాయన, ఈ రేవులో మంచం పట్టిన తమ్ముణ్ణి చూడ్డానికి దిగుతున్నాడు. మణికట్టు చూసుకుని మురిసిపోయాడు.

"బసచీటీ ఇచ్చిందండీ డాక్టరుగారూ! మనిషి మనసు భలే కనిపెట్టేస్తుందండీ మీ యంత్రం."

రేవు హాలు బయట క్యూ అప్పటికే మెట్లదాకా వచ్చేసింది. తాళం ధీరజ్ జేబులోనే ఉంది. సహస్ర పక్కనే నిలబడి ఉంది.

"వెళ్ళిరండి," అన్నాడు ధీరజ్.